పక్కవాడికి చెప్పిన లెక్క

ఒక చిన్న చెరువు. దానిలో ఒక పడవ. పడవలో ఒక మనిషి, అతని పక్కన ఒక బండరాయి. ఆ మనిషి రాయిని ఎత్తి నీటిలో పడవేశాడు. రాయి అడుగుకు చేరింది. ఇప్పుడు చెరువులో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, లేక మారకుండా ఉంటుందా?

భౌతిక శాస్త్ర పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులను ఏనాటినుంచో తికమక పెడుతున్న ప్రశ్నలలో ఇది ఒకటి. చూడబోతే పొడుపుకథలా ఉంటుంది. ఆర్కిమిడీస్ సూత్రాన్ని పొల్లుపోకుండా అప్పగించగలవారు సైతం దీని ముందు తడబడతారు. రాయి నీటిలో పడింది కనుక మట్టం పెరగాలని కొందరంటారు. రాయి మొదటినుంచీ చెరువులోనే ఉన్నట్టు కనుక మార్పేమీ ఉండదని మరికొందరంటారు. రెండూ తప్పే. నీటిమట్టం తగ్గుతుంది.

ఈ జవాబును పుస్తకం చివరి పుటలలో చూచి తెలుసుకోవచ్చు. అలా తెలుసుకున్నవాడికి ఒక్క లెక్క వస్తుంది. రాయికి బదులు చెక్కదుంగ అని ప్రశ్నను కాస్త మార్చి అడిగితే మళ్లీ మొదటికి వస్తాడు. ఇదే ప్రశ్న ఒక హాస్టలు గదిలో ఇద్దరు మిత్రుల మధ్యకు వచ్చిందనుకుందాం. ఒకడు చిక్కుపడ్డాడు. రెండవవాడికి జవాబు తెలుసు. కాని చెప్పడు. అడుగుతాడు.

"రాయి పడవలో ఉన్నంతసేపు దాని బరువు మోస్తున్నది ఎవరురా?"

"పడవ."

"పడవను మోస్తున్నది?"

"నీరు."

"సరే, రాయి మూడు కిలోలనుకో. దానిని కూడా మోయడానికి పడవ అదనంగా ఎంత నీటిని పక్కకు నెట్టాలి?"

"మూడు కిలోల నీటిని. అంటే మూడు లీటర్లు."

"మరి రాయి అడుగున కూర్చున్న తరువాత?"

ఇక్కడ మొదటివాడు ఆగుతాడు. కాగితం మీద ఏదో గీస్తాడు. "అప్పుడది తేలడం లేదు కదా. తన పరిమాణమెంతో అంత నీటినే నెడుతుంది. రాయి నీటికి మూడు రెట్లు సాంద్రమైనదైతే ఒక్క లీటరే. మూడు పోయి ఒకటి వచ్చింది. నీరు దిగుతుందిరా!"

ఆ చివరి మాట అన్నది చిక్కుపడినవాడే. కనుక ఆ లెక్క అతనిదైపోయింది. ఇక చెక్కదుంగ గురించి అడిగినా అతడు బెదరడు. దుంగ పడవలో ఉన్నా, నీటిపై ఉన్నా తేలుతూనే ఉంటుంది, నెట్టే నీరు మారదు, మట్టమూ మారదు అని తానే చెప్పుకోగలడు.

ఈ సంభాషణ పది నిమిషాలకు మించి పట్టదు. అయినా ఈ పది నిమిషాలు ఇవ్వడానికి వెనుకాడే విద్యార్థులు నేడు తక్కువేమీ కాదు. వారు స్వభావం చేత స్వార్థపరులు కారు. వారు వ్రాయబోయే పరీక్ష స్వరూపం అటువంటిది. అక్కడ మార్కులు ఎన్ని వచ్చాయన్నదానికన్న, ఎందరికన్న ఎక్కువ వచ్చాయన్నదే ముఖ్యం. 2024లో ఇంజనీరింగు ప్రవేశానికి దేశవ్యాప్తంగా జరిగిన జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 14 లక్షలకు పైగా అభ్యర్థులు వ్రాశారు. ఆ సంవత్సరం ఐ.ఐ.టి.లన్నింటిలోనూ కలిపి ఉన్న సీట్లు 17,740. ఈ అంకెలు గోడ మీద వ్రేలాడుతూ ఉండగా చదువుకునే పిల్లవాడికి, పక్కమంచం మీది మిత్రుడు మిత్రునిలాగే కనబడతాడని చెప్పలేము. తనకు అంతుచిక్కిన కిటుకును పుస్తకం మూసి దాచుకోవాలన్న తలపు అతనికి కలిగితే, ఆ తలపును అతనిలో నాటినవారు పెద్దలే.

అయితే ఆ భయాన్ని కూడా ఒక లెక్కగా చేసి చూడవలసి ఉంటుంది. మిత్రునికి ఒక ప్రశ్న విప్పి చెప్పినందువల్ల అతడు తనను దాటిపోయాడనుకుందాం. తాను కోల్పోయేది ఎంత? ఒక్క స్థానం. 14 లక్షల మందిలో ముందుకు పోయినవాడు ఒక్కడు. దానికి బదులు, చెప్పే శ్రమలో తన అవగాహన గట్టిపడి ఒక్క మార్కు అధికంగా వస్తే, అభ్యర్థులు దట్టంగా క్రిక్కిరిసి ఉండే మధ్యశ్రేణిలో అది వందల, వేల స్థానాల లాభం. సీట్ల సరిహద్దు వద్ద ఒక్క స్థానం కూడా విలువైనదేనన్న మాట నిజమే. కాని ఆ ఒక్క స్థానం సరిగా ఈ ఒక్క మిత్రుని మూలంగానే చేజారే అవకాశం ఎంత స్వల్పమో, లెక్కలు వచ్చిన పిల్లవాడికి వేరే చెప్పనక్కరలేదు.

వేలాదిమంది పోటీలో ఈ వాదన చెల్లవచ్చు, నలుగురైదుగురే ఉన్న తరగతిలో మొదటి స్థానం కోసం పోటీపడే ఇద్దరి మధ్య చెల్లుతుందా అని ఎవరైనా అడగవచ్చు. దీనికి శాస్త్ర చరిత్రలోనే సమాధానం ఉన్నది.

1896లో జూరిచ్ నగరంలోని పాలిటెక్నిక్ విద్యాలయంలో గణిత, భౌతిక శాస్త్రాల ఉపాధ్యాయులను తయారుచేసే శాఖలో కొద్దిమంది విద్యార్థులు చేరారు. వారిలో ఇద్దరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, మార్సెల్ గ్రాస్‌మన్. ఐన్‌స్టీన్‌కు ప్రయోగశాల మీద, తాను స్వయంగా ఎంచుకున్న గ్రంథాల మీద ఉన్న ఆసక్తి గణితోపన్యాసాల మీద లేకపోయింది. తరచు తరగతులు ఎగవేసేవాడు. గ్రాస్‌మన్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రతి ఉపన్యాసానికీ హాజరై, విన్నదంతా అచ్చుకు పంపదగినంత శుభ్రంగా వ్రాసి పెట్టుకునేవాడు. పరీక్షలు దగ్గరపడినప్పుడు ఆ నోటుపుస్తకాలు ఐన్‌స్టీన్ చేతికి వచ్చేవి. ఆ పుస్తకాలు నేటికీ జూరిచ్ విద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

1898లో మధ్యంతర పరీక్ష జరిగింది. గరిష్ఠం ఆరు మార్కులు. ఐన్‌స్టీన్ సగటు 5.7, తరగతిలో మొదటి స్థానం. రెండవ స్థానం గ్రాస్‌మన్‌ది. అతని సగటు 5.6. అంటే నోట్సు పుచ్చుకున్నవాడు మొదటివాడయ్యాడు, ఇచ్చినవాడు రెండవవాడయ్యాడు. పిసినారి బుద్ధితో చూస్తే గ్రాస్‌మన్ తన మొదటి స్థానాన్ని తన చేతులతోనే అప్పగించాడు. కాని అతడు నోట్సు ఇవ్వడం మానలేదు. 1900లో జరిగిన చివరి పరీక్షలో ఐన్‌స్టీన్ కన్న అతనికే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఆ తరువాత ఐన్‌స్టీన్‌కు చాలాకాలం స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. చివరకు గ్రాస్‌మన్ తండ్రి చేసిన సిఫారసు తోడ్పడి, 1902లో బెర్న్ నగరంలోని పేటెంటు కార్యాలయంలో చేరాడు. 1905లో సమర్పించిన డాక్టరేటు వ్యాసాన్ని ఐన్‌స్టీన్ ఈ మిత్రునికే అంకితం చేశాడు. వారి కథ అక్కడితో ముగియలేదు. గురుత్వాకర్షణను కూడా తన సాపేక్షతా సిద్ధాంతంలోకి తీసుకురావాలన్న ప్రయత్నంలో ఐన్‌స్టీన్ ఒక పెద్ద ఆటంకం ఎదుర్కొన్నాడు. కావలసిన గణితం ఆయనకు తెలియదు. 1912లో జూరిచ్‌కు తిరిగివచ్చి, అక్కడ జ్యామితి ఆచార్యుడుగా ఉన్న గ్రాస్‌మన్‌ను ఆశ్రయించాడు. వక్రతలాలకు సంబంధించి రీమన్ ప్రారంభించగా రిచీ, లెవి చివిటా అభివృద్ధి చేసిన గణితాన్ని గ్రాస్‌మన్ ఆయనకు చూపించాడు. 1913లో ఇద్దరూ కలిసి ఒక పత్రం ప్రకటించారు. భౌతిక భాగం ఐన్‌స్టీన్‌ది, గణిత భాగం గ్రాస్‌మన్‌ది. అందులోని లోపాలను సవరించుకుంటూ 1915 నవంబరులో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని పూర్తిచేశాడు. పరీక్షల ముందు చేతులు మారిన నోటుపుస్తకాలతో ఆరంభమైన సహకారం ఇంతవరకు వచ్చింది.

ఆ సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరిస్తూ 1916లో ఐన్‌స్టీన్ జర్మన్ భాషలో వ్రాసిన పత్రం మరి కొద్ది సంవత్సరాలకు కలకత్తాలో మరో సహాధ్యాయుల జంట చేతికి చేరింది. వారు మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్.

వీరిద్దరూ ప్రెసిడెన్సీ కళాశాలలో సహపాఠులు. పుట్టిన పరిస్థితులు వేరు. బోస్ 1894లో కలకత్తాలో జన్మించాడు. తండ్రి రైల్వేలో ఉద్యోగి. సాహా 1893లో ఢాకా సమీపంలోని ఒక గ్రామంలో, చిన్న దుకాణం నడుపుకునే కుటుంబంలో పుట్టాడు. స్వగ్రామానికి దూరంగా ఉన్న బడిలో చదవడానికి ఒక వైద్యుని ఇంట ఆశ్రయం పొందాడు. ఉపకారవేతనాలతో పై చదువులకు వచ్చాడు. కలకత్తా హాస్టలు జీవితంలో కులం పేరిట అవమానాలు కూడా చవిచూశాడు. 1913లో బి.ఎస్సి. గణితంలో బోస్ ప్రథముడు, సాహా ద్వితీయుడు. 1915లో ఎం.ఎస్సి.లోనూ అదే వరుస. రెండు పరీక్షలలో ఒకరి వెనుక ఒకరు నిలిచిన ఇద్దరు యువకుల మధ్య అసూయ పుట్టడానికి ఇంతకన్న అనువైన పరిస్థితి ఉండదు. కాని వారు పుస్తకాలు పంచుకున్నారు.

కలకత్తా విశ్వవిద్యాలయంలో కొత్తగా నెలకొల్పిన సైన్సు కళాశాలకు ఆశుతోష్ ముఖర్జీ ఈ ఇద్దరినీ ఎంపిక చేశాడు. గణితం చదివిన వీరికి కొద్దికాలంలోనే భౌతిక శాస్త్రం బోధించే బాధ్యత పడింది. అది కూడా ప్లాంక్, ఐన్‌స్టీన్, బోర్ తెచ్చిన కొత్త భౌతిక శాస్త్రం. దానిని వీరికి బోధించినవారు లేరు. ప్రపంచ యుద్ధం మూలంగా ఐరోపా నుంచి పత్రికలు రావడం లేదు. జర్మన్ గ్రంథాలు శివపూర్ ఇంజనీరింగు కళాశాలలో పనిచేస్తున్న బ్రూల్ అనే ఆచార్యుని వద్ద ఉన్నాయని తెలిసి, ఎరువు తెచ్చుకున్నారు. సాహా ఢాకాలో ఇంటర్మీడియెట్ చదివేటప్పుడే జర్మన్ నేర్చాడు. బోస్ కూడా నేర్చుకున్నాడు. ఇద్దరూ తామే ఉపాధ్యాయులు, తామే విద్యార్థులు. ఒకరికి తట్టనిది మరొకరిని అడగడం తప్ప వేరే మార్గం లేదు. 1918లో వీరిద్దరూ కలిసి వాయువుల స్థితి సమీకరణం మీద వ్రాసిన పత్రం ఇంగ్లండులోని 'ఫిలసాఫికల్ మాగజైన్'లో వెలువడింది.

తరువాత వారు పూనుకున్న పని మరింత విశేషమైనది. ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీ వ్రాసిన సాపేక్షతా పత్రాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి అనువదించారు. 1905 నాటి ఐన్‌స్టీన్ పత్రాన్నీ, మింకోవ్‌స్కీ పత్రాన్నీ సాహా చేపట్టాడు. 1916 నాటి సాధారణ సాపేక్షతా పత్రాన్ని బోస్ చేపట్టాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ చారిత్రక పీఠిక వ్రాశాడు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆ గ్రంథాన్ని ప్రచురించింది. ఆ పత్రాలకు ఇంగ్లీషులో వెలువడిన తొలి అనువాదాలలో అది ఒకటి. అప్పటికి ఇద్దరికీ ముప్పై ఏళ్లు నిండలేదు.

కష్టమైన విషయాన్ని అనువదించడానికీ, మిత్రునికి విప్పి చెప్పడానికీ దగ్గర చుట్టరికం ఉన్నది. చదువరి తనకు బోధపడని వాక్యాన్ని దాటిపోవచ్చు. ముందు ముందు తెలుస్తుందిలే అని పుట తిప్పవచ్చు. అనువాదకునికి ఆ వెసులుబాటు లేదు. ప్రతి వాక్యం వద్దా ఆగి, అది ఏమంటున్నదో తేల్చుకొని, మరొక భాషలో నిలబెట్టాలి. ఎక్కడ తనకు అర్థం కాలేదో అక్కడ కలం నిలిచిపోతుంది. మిత్రునికి లెక్క చెప్పే విద్యార్థి స్థితి కూడా ఇదే. తాను చేసినప్పుడు మూడవ మెట్టు నుంచి ఐదవ మెట్టుకు దూకి ఉంటాడు. చెప్పేటప్పుడు "నాలుగవది ఏమిటి?" అని ఎదుటివాడు అడుగుతాడు. ఆ క్షణాన, తనకు వచ్చుననుకున్నది నిజంగా వచ్చునా రాదా అన్నది బయటపడుతుంది. పరీక్ష హాలులో బయటపడడం కన్న మిత్రుని ఎదుట బయటపడడం ఎంతో మేలు.

బోస్ జీవితంలోని అత్యంత ముఖ్యమైన ఘటన సరిగా ఇటువంటి ప్రశ్న నుంచే పుట్టింది. 1921లో ఆయన ఢాకా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతిని గురించి ప్లాంక్ 1900లో కనుగొన్న సూత్రాన్ని అక్కడి విద్యార్థులకు బోధించవలసి వచ్చింది. సూత్రం సరియైనదే. కాని అప్పటివరకు దానిని రాబట్టిన పద్ధతులు పాత భౌతిక శాస్త్రాన్నీ కొత్తదాన్నీ కలగలిపి నడిచేవి. ఆ మెట్టును విద్యార్థులకు మనసొప్పి చెప్పలేకపోయాడు. 1924 ఆరంభంలో, అప్పటికి అలహాబాదులో ఆచార్యుడుగా ఉన్న సాహా ఢాకా వచ్చి బోస్ ఇంట బస చేశాడు. బోస్ తన ఇబ్బంది చెప్పాడు. అదే విషయం మీద పౌలీ, ఐన్‌స్టీన్, ఎరెన్‌ఫెస్ట్ ఇటీవల వ్రాసిన పత్రాలు చూడమని సాహా సూచించాడు. పరిష్కారాన్ని సాహా ఇవ్వలేదు. ఎటు చూడాలో చెప్పాడు. పరిష్కారం బోస్‌కు తట్టింది. కాంతి కణాలలో రెండు తమ స్థానాలు మార్చుకున్నా దానిని వేరొక అమరికగా లెక్కించని పద్ధతిలో ఆయన ప్లాంక్ సూత్రాన్ని రాబట్టాడు.

1924 జూన్ 4న బోస్ ఆ పత్రాన్ని ఐన్‌స్టీన్‌కు పంపాడు. దానిని తగినంత బాగా జర్మన్‌లోకి మార్చేపాటి భాష తనకు రాదనీ, యోగ్యమనుకుంటే ప్రచురణకు ఏర్పాటు చేయమనీ లేఖలో కోరాడు. మీ పత్రాలను అనువదించడానికి కలకత్తా నుంచి అనుమతి అడిగినవారు జ్ఞాపకమున్నారో లేదో అంటూ, సాధారణ సాపేక్షతా పత్రాన్ని అనువదించినది తానేనని గుర్తుచేశాడు. ఐన్‌స్టీన్ ఆ పత్రాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి, తన వ్యాఖ్య జోడించి ప్రచురింపజేశాడు. ఒకనాడు ఐన్‌స్టీన్ మాటను బోస్ ఇంగ్లీషులోకి మోశాడు. నాలుగేళ్లకు బోస్ మాటను ఐన్‌స్టీన్ జర్మన్‌లోకి మోశాడు. బోస్ గణన పద్ధతిని అనుసరించే కణాలకు తరువాత డిరాక్ 'బోసాన్లు' అని నామకరణం చేశాడు. నక్షత్రాల వర్ణపటాలను చదవడానికి ఆధారమైన అయనీకరణ సమీకరణం 1920లోనే సాహా పేరును లోకానికి తెలియజేసింది. ఒకరికొకరు సాయపడినందువల్ల ఇద్దరిలో ఎవరి కీర్తీ తగ్గలేదు.

ఇవి మహామేధావుల కథలు. సామాన్య విద్యార్థికి వర్తిస్తాయా అన్న సందేహం సహజం. దానికి సమాధానం మరో వైపు నుంచి వచ్చింది.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు 1984 నుంచి భౌతిక శాస్త్రం బోధిస్తూ వచ్చాడు. విద్యార్థులు కఠినమైన లెక్కలు చేస్తున్నారు. ఆయన బోధన బాగున్నదని వ్రాస్తున్నారు. 1990 ప్రాంతంలో, అరిజోనాకు చెందిన హెస్టెనీస్, హలూన్ అనే పరిశోధకుల వ్యాసం ఆయన కంటబడింది. విద్యార్థులు సూత్రాలతో లెక్కలు చేయగలిగినా, వాటి భావం వారికి అంటడం లేదని అందులో ఉన్నది. తన విద్యార్థులు అటువంటివారు కారన్న ధీమాతో మజూర్ వారికి కొన్ని సులభమైన ప్రశ్నలు ఇచ్చాడు. బరువైన లారీ, తేలికైన కారు ఢీకొన్నాయి; ఏది దేని మీద ఎక్కువ బలం ప్రయోగించింది? న్యూటన్ మూడవ నియమం ప్రకారం రెండు బలాలూ సమానం; కారు తేలిక కనుక దాని గమనంలో మార్పు ఎక్కువ. ఇటువంటి ప్రశ్నల వద్ద విద్యార్థులు పెద్ద సంఖ్యలో తడబడ్డారు.

మజూర్ ఒక ప్రశ్నను రెండు విధాల వివరించి చూశాడు. ముఖాలలో వెలుగు కనిపించలేదు. ఏమి చేయాలో తోచక, మీలో మీరు చర్చించుకోండి అన్నాడు. హాలంతా ఒక్కసారిగా మాటలతో నిండిపోయింది. రెండు మూడు నిమిషాలలో, ఆచార్యుడు చెప్పలేకపోయినదాన్ని విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకున్నారు. 1991 నుంచి ఆయన తన బోధనా విధానాన్నే మార్చాడు. మొదట ప్రతివాడూ ఒంటరిగా ఆలోచించి జవాబు గుర్తించాలి. తరువాత పక్కవారితో వాదించాలి. మళ్లీ జవాబు గుర్తించాలి. పదేళ్ల అనుభవాన్ని సమీక్షిస్తూ 2001లో ప్రకటించిన వ్యాసంలో, భావాల అవగాహనలోనూ లెక్కలు చేయడంలోనూ విద్యార్థులు మెరుగుపడినట్లు ఫలితాలు చూపారు.

దీనికి కారణం సుబోధకమే. ఆచార్యుడు ఆ విషయం నేర్చుకొని ఎన్నో ఏళ్లయింది. మొదటిసారి తాను ఎక్కడ తట్టుకొని పడ్డాడో ఆయనకు గుర్తుండదు. నిన్ననే నేర్చుకున్న విద్యార్థికి తాను పడిన గుంట ఇంకా కళ్లముందే ఉంటుంది. అందుకే వెనుక వచ్చేవాడిని సరిగా అక్కడే హెచ్చరించగలడు.

తెలిసినవాడి జవాబును తెలియనివాడు ఊరికే ఒప్పుకుంటున్నాడేమో అన్న ఆక్షేపణ కూడా వచ్చింది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర తరగతిలో దీనిని పరీక్షించారు. చర్చ తరువాత, అదే భావం మీద మరొక కొత్త ప్రశ్న ఇచ్చి ఒంటరిగా చేయమన్నారు. 2009లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ఫలితం ఆశ్చర్యకరమైనది. మొదట బృందంలో ఎవరికీ సరియైన జవాబు తెలియనప్పుడు కూడా చర్చ మేలు చేసింది. అంటే ఇద్దరు తెలియనివారు కూడా ఒకరినొకరు ప్రశ్నించుకుంటూ తెలిసే చోటికి చేరగలరు.

ఒంటరిగా చదివేవాడి నష్టం తెలివికి సంబంధించినదే కాదు. 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రీస్మన్ అనే గణితశాస్త్రజ్ఞుడు ఇరవైమంది నల్లజాతి విద్యార్థులను, ఇరవైమంది చైనా సంతతి విద్యార్థులను దగ్గరనుండి గమనించాడు. మొదటివారిలో చాలామంది కలనగణితంలో విఫలులవుతున్నారు. పట్టుదల లేకనా అంటే కాదు. వారు గంటల తరబడి చదువుతున్నారు. కాని ఒంటరిగా చదువుతున్నారు. రెండవవారు రాత్రిళ్లు కలిసి కూర్చొని ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకుంటున్నారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే అది కష్టమైన లెక్క అని వారికి తెలుస్తుంది. ఒంటరివాడికి అదే లెక్క రాకపోతే, తానే పనికిరానివాడనుకుంటాడు. ట్రీస్మన్ మొదటివారికి కూడా కష్టమైన లెక్కలు ఇచ్చి, కలిసి చేసే ఏర్పాటు కల్పించాడు. వారి ఫలితాలు మారిపోయాయి.

ఈ చివరి మాట మన దేశంలోని తల్లిదండ్రులూ, అధ్యాపకులూ ఒకటికి రెండుసార్లు ఆలోచించదగినది. పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలలో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇల్లు విడిచి రాత్రింబవళ్లు చదువుతారు. వారపు పరీక్షల మార్కుల వరుస గోడ మీద కనిపిస్తుంది. ఆ వరుసలో కిందికి జారిన పిల్లవాడికి ఆ రాత్రి కావలసినది మరొక పుస్తకం కాదు. "నాకూ అది రాలేదురా, రా చూద్దాం" అనే ఒక గొంతు. ఆ గొంతు వినబడనప్పుడు లెక్క రాకపోవడం బ్రతుకే చేతకాకపోవడంగా కనబడే ప్రమాదమున్నది. అది ఎంతవరకు దారితీస్తుందో వార్తాపత్రికలు చదివేవారికి తెలియనిది కాదు.

సాయం చేయడంలో కొన్ని మెళకువలు లేకపోలేదు. మొదటిది, అడగబోయేవాడు ముందు తాను తంటాలు పడాలి. మజూర్ పద్ధతిలో ఒంటరి ఆలోచన మొదటి మెట్టు కావడం యాదృచ్ఛికం కాదు. ప్రయత్నించకుండా అడిగేవాడికి చెప్పింది నిలవదు. రెండవది, చెప్పేవాడు పరిష్కారాన్ని పంచిపెట్టరాదు. నేడు చిక్కులెక్కను సెల్‌ఫోనుతో ఫొటో తీసి పంపితే క్షణాలలో పూర్తి పరిష్కారం దొరుకుతుంది. జవాబు చౌకైపోయింది. అడిగినవాడు ఏ మెట్టు వద్ద ఆగాడో కనిపెట్టి, అక్కడికి సరిపడే ఒక్క ప్రశ్న వేయడం మాత్రం ఇంకా విలువైన విద్యే. మూడవది, ఇద్దరూ ఒకే తప్పులో స్థిరపడిపోవచ్చు. కనుక చివరకు పుస్తకంతోనో, అధ్యాపకునితోనో సరిచూసుకోవాలి. నాలుగవది అన్నింటిలోకి ముఖ్యమైనది. ఎప్పుడూ ఒకడే చెప్పేవాడు, మరొకడు వినేవాడు కాకూడదు. వెనుకబడినవాడి చేత కూడా చెప్పించాలి. చెప్పడంలో ఉన్న లాభం అతనికే ఎక్కువ అవసరం.

విద్యార్జనను నాలుగు పాళ్లుగా విభజించి చెప్పిన సంస్కృత సూక్తి ఒకటి మన దేశంలో చిరకాలంగా వ్యాప్తిలో ఉన్నది. ఒక పాలు గురువు వలన, ఒక పాలు స్వబుద్ధి వలన, ఒక పాలు సహాధ్యాయుల వలన, మిగిలినది కాలక్రమాన లభిస్తుందని దాని భావం. గురువు కోసం తల్లిదండ్రులు అప్పు చేసి అయినా రుసుము చెల్లిస్తారు. స్వబుద్ధిని పిల్లలు తమతో తెచ్చుకుంటారు. కాలం ఎవరి కోసమూ ఆగకపోయినా తన పాలు తాను ఇస్తుంది. సహాధ్యాయుల పాలు ఒక్కటే ఎవరూ కొనిపెట్టలేనిది, దేనితోనూ భర్తీ చేయలేనిది. దానిని పిల్లలే ఒకరికొకరు ఇచ్చుకోవాలి. ఇచ్చుకోవడానికి కాస్త తీరికా, పెద్దల అనుమతీ ఉంటే చాలు. రాత్రి పది గంటల వేళ పక్కగదిలో ఎవరి లెక్కకో తలపట్టుకున్న పిల్లవాడిని చూచి, "నీ చదువు నువ్వు చూసుకో" అని గద్దించేముందు తండ్రి ఒక్క క్షణం ఆగితే, ఆ పిల్లవాడు చేస్తున్నది కూడా తన చదువేనని గ్రహించగలుగుతాడు.